సీ డ్రైవ్‌లో చెల్లెమ్మ

ఉదయం తొమ్మిదీ పదికి మొహిద్దీన్ బాషా కంప్యూటర్ తెర నీలంగా మారిపోయింది.

మొదట బాషా కంగారు పడలేదు. ఇరవై రెండేళ్లుగా ప్రత్తిపాడులో తన ఇంటి ముందుగదిలోనే కూర్చుని శుభలేఖలు, ఫ్లెక్సీలు, గోడపటాలకు ఫొటోలు చేస్తున్న మనిషాయన. కంప్యూటర్ అలిగినప్పుడల్లా ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. స్విచ్ కట్టేసి, వందదాకా లెక్కపెట్టి, మళ్లీ వెయ్యడం. మూడుసార్లు కట్టాడు, మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ అదే నీలం, దాని మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు, ఆ వెంటనే దానంతట అదే ఆరిపోవడం.

నాలుగోసారి స్విచ్ మీద వేలు పెట్టి, వెయ్యకుండా ఆగాడు.

రేపు పొద్దున వెంకటరావమ్మ పెద్దకర్మ. ఊరు ఊరంతా భోజనాలకి వస్తుంది. పందిట్లో కుర్చీ మీద పెట్టి దండ వెయ్యడానికి ఆమె పటం కావాలి. ఆ పటంలోకి రావాల్సిన ఫొటో లోకం మొత్తం మీద ఒక్కచోటే ఉంది. ఈ డబ్బాలో.

వెంకటరావమ్మకి ఫొటో అంటే గిట్టేది కాదు. పెళ్లిళ్లలో కెమెరా ఇటు తిరిగిందంటే ఆమె కొంగు మొహం మీదికొచ్చేది. నాలుగు రోజుల కిందట ఆమె భర్త బాపయ్య ఆధార్ కార్డు జిరాక్సు పట్టుకొచ్చి బాషా బల్ల మీద పెట్టాడు.

"ఏరా బాషా, ఇందులో ఉంది మా ఆవిడో, పెనం తుడిచిన గుడ్డో నాకే తెలవట్లేదు. ఏమన్నా చెయ్యగలవా?"

"దాన్ని లోపల పెట్టు బావా" అన్నాడు బాషా. "చెల్లెమ్మది మంచి ఫొటో నా దగ్గర ఉంది. పటం నేనిస్తాను. నువ్వు దాని గురించి మర్చిపో."

బాపయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. నీ దగ్గర ఎట్టా ఉంది అని అడగబోయి, అడక్కుండానే తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఫొటో సంగతి బాషాకి, వెంకటరావమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. రెండేళ్ల కిందట మిరపకోతల రోజుల్లో, మిట్టమధ్యాహ్నం ఆమె చేలోంచి తిన్నగా ఇక్కడికి వచ్చింది. చీర మీద మొగుడి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. తలకి కట్టిన గుడ్డ విప్పి బల్ల మీద పడేసింది. మిరప ఘాటుకి బాషాకి వరసగా మూడు తుమ్ములొచ్చాయి.

"అన్నయ్యా, గబగబా ఒక ఫొటో తియ్యి. మీ బావకి చెప్పమాక."

"ఇయ్యాలేంది చెల్లెమ్మా, సూర్యుడు పడమర పొడిచాడా?"

"నేను పోయాక గోడకి పెట్టేదానికి. ఆధార్ ఫొటో పెట్టారంటే పైనుంచి దిగొచ్చి పీకేస్తా. నీమీదే భారం."

బాషా నవ్వుతూ తీశాడు. తీశాక చూస్తే చెమటకి బొట్టు మొత్తం కరిగిపోయి ఉంది. అదే చెప్పాడు.

"నువ్వు పెడతావుగా" అంది ఆమె గుమ్మం దిగుతూ. "ఊళ్లో ఆడోళ్లందరికీ పటాల్లో బొట్టు పెట్టేది నువ్వేగా!"

అది నిజమే. కన్ను మూసుకుపోయి ఉంటే తెరవడం, బనీను మీద తెల్లచొక్కా తొడగడం, పాతచీర స్థానంలో పట్టుచీర కట్టడం, నుదుటన బొట్టు పెట్టడం. ఇవన్నీ ఆయన మౌసుతో చేసే పనులు. ఆ బొట్టు కోసం ఫొటోషాప్‌లో ప్రత్యేకంగా ఒక బ్రష్షు తయారు చేసుకున్నాడు. ఒక్క నొక్కు నొక్కితే చాలు, అంచు మెత్తగా, నిండుగా, సరిగ్గా నుదుటి మధ్యలో కుంకుమ బొట్టు పడేది. ప్రత్తిపాడులో గోడల మీదున్న పుణ్యస్త్రీలందరి బొట్టూ ఆ ఒక్క బ్రష్షుదే.

ఇప్పుడా మొహం, ఆ బ్రష్షు, ఇచ్చిన మాట, మూడూ నీలం తెర వెనకాల ఇరుక్కున్నాయి.

"ఫిజా!" అని కేకేశాడు.

కూతురు ఫిజా చెవులకి హెడ్‌ఫోన్లతో లోపలి గదిలోంచి వచ్చింది. హైదరాబాదు కంపెనీ ఉద్యోగం, ఇంట్లోంచే పని. తెర చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నిన్న సాయంత్రం ఏం నొక్కావు నాన్నా?"

"ఏం నొక్కలా."

"నాన్నా."

"కొత్త పూల డిజైన్లు ఊరికే ఇస్తామంటే... ఒక్కటే నొక్కా."

"అక్టోబరు నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను గదా! ఈ పాత విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావు, కొత్తదేమో ఈ మిషన్ మీద ఎక్కదు, విండోస్ బదులు లినక్స్ వేస్తాను, ఆదివారం ఒక్క పూట నాకియ్యి అని. విన్నావా?"

"లినక్సో గినక్సో! ఇరవై ఏళ్లుగా ఎరిగినదాన్ని వదిలి ఇప్పుడు కొత్తది నేర్చుకోమంటావా? నాకు యాభై తొమ్మిది."

వంటింట్లోంచి భార్య జానీబీ అందుకుంది. "నాకు యాభై నాలుగు. పిల్ల నా ల్యాప్‌టాప్‌లో వేసి ఏడాదైంది. ఒక్కనాడు నీలం తిరగలా."

"నువ్వు చూసేది వంటల వీడియోలేగా!"

"వంటలైతే ఏంది? ఆగిందా?"

ఫిజా గడియారం చూసుకుంది. "నాకు పదకొండున్నర దాకా మీటింగు. ఆ తర్వాత చూస్తాను. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఎవరూ అంటే నువ్వు కూడా."

తలుపు మూసుకుంది.

బాషా రెండు నిమిషాలు ఆగాడు. సెంటర్లో ఫొటోలు ప్రింటు తీసి పటాలు కట్టే ఇమ్మానియేలు నిన్ననే చెప్పాడు, మూడింటికల్లా షాపు కట్టేసి తెనాలిలో సభలకి వెళతానని. ఫొటో ప్రింటు తియ్యాలి, ఫ్రేము కట్టాలి. పదకొండున్నరకి ఫిజా మొదలుపెట్టి, ఎప్పటికి తేలుస్తుంది? మూడో నిమిషంలో ఆయన ఫోను తీసి నల్లపాడులో ఉండే మెకానిక్ మార్క్‌కి కొట్టాడు.

మార్క్ పదిన్నరకి బండి దిగాడు. మంచి మనిషే. పిలిస్తే పలుకుతాడు. కానీ కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర కూడా మందు ఒక్కటే.

"ఫార్మాట్ కొట్టాలి బాబాయ్ గారూ. గంటలో కొత్తదానల్లే చేసిస్తా. విండోస్, ఫొటోషాప్, ఫాంట్లు, అన్నీ నా పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. చెరిపేది సీ డ్రైవ్ ఒక్కటే, అందులో మీ ఫైళ్లేమీ లేవుగా?"

"సీలో నేనేమీ పెట్టనయ్యా. నువ్వేగా వద్దన్నావు. అన్నీ డీలోనే."

"అయితే ఏం పోదు. మీరు మీ పని చూసుకు రండి."

గుండె కుదుటపడింది. జానీబీకి ఓ మాట చెప్పి, మోపెడ్ తీసి సెంటర్ వైపు పోనిచ్చాడు. ఫొటో వచ్చేలోగా ఫ్రేము కోయించి పెడితే టైము కలిసొస్తుంది.

ఇమ్మానియేలు షాపులో చెక్కపొడి వాసన. బాషా ముదురు గోధుమరంగు చెక్క ఎంచాడు. ఇమ్మానియేలు రంపం ఆడిస్తూ కబుర్లలో పడ్డాడు.

"ఫొటో ఏది బాషా భాయ్?"

"మిషన్ మొరాయించింది. మార్క్ ఫార్మాట్ కొడుతున్నాడు. ఒంటిగంటకల్లా తెస్తా."

"ఫార్మాటా? జాగ్రత్త. కిందటేడు నాకు కొట్టినప్పుడు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ పోయినయ్. మా పాప బారసాల ఫొటోలతో సహా."

"నువ్వు సీలో పెట్టుంటావు."

"సీలో ఎందుకు పెడతాను? డెస్క్‌టాప్ మీదే పెట్టా. ఎదురుగుండా, తెర మీద. పోయాక చెప్పారు, డెస్క్‌టాప్ ఉండేది సీలోనేనంట!"

రంపం కరకరా ఆడుతూనే ఉంది. బాషాకి ఆ చప్పుడు వినపడటం మానేసింది.

డీ డ్రైవ్‌లో అన్నీ ఉన్నాయి. నిజమే. పెళ్లిళ్లు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. శుభమైనవన్నీ. పోయినవాళ్ల ఫొటోలు మాత్రం బాషా ఏనాడూ డీలో పెట్టలేదు. పెళ్లికూతురి పక్కన చనిపోయినవాళ్ల మొహం ఎలా ఉంచుతాడు? శుభలేఖ కోసం వచ్చి వెనక నిలబడ్డ పెద్దలు తెర మీద అది చూస్తే ఊరుకుంటారా? అందుకని వాళ్లందరికీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డరు చేసి, దానికి 'బయట' అని పేరు పెట్టాడు. ఆయన లెక్కలో డీ డ్రైవ్ ఇల్లు. డెస్క్‌టాప్ అరుగు. పోయినవాళ్లని అరుగు మీద ఉంచడం మర్యాదే కదా.

వెంకటరావమ్మ ఫొటో తీసిన రోజు, అది దేనికోసమో చెప్పింది కాబట్టి, చెయ్యి అలవాటు చొప్పున దాన్ని 'బయట'లోకే నెట్టింది. బతికున్న మనిషిని పోయినవాళ్ల మధ్యలో పెట్టానే అని ఆ తర్వాత రెండుమూడుసార్లు మనసు పీకింది. మారుద్దాంలే అనుకున్నాడు. మార్చలేదు.

అరుగు మొత్తం సీ డ్రైవ్‌లో ఉంది. మార్క్ సీ డ్రైవ్ చెరిపేస్తున్నాడు.

"యా అల్లా!"

ఫోను తీశాడు. మార్క్ ఎత్తలేదు. ఫిజా ఎత్తలేదు, మీటింగు. జానీబీ ఫోను ఫ్రిజ్ మీద ఛార్జింగులో ఉండి ఉంటుంది, అది మోగినా ఆమె వంటింట్లోంచి రాదు. బాషా మోపెడ్ మీదికి ఉరికాడు.

సెంటర్ నుంచి ఇల్లు కిలోమీటరున్నర. ఆ కిలోమీటరున్నరలో ఆ రోజు లేని అడ్డం లేదు. మిర్చి బస్తాల లారీ ఒకటి వెనక్కి తిరగలేక రోడ్డుకి అడ్డంగా నిలబడింది. పత్తి ట్రాక్టరు దాని వెనక హారన్ కొడుతోంది. బాషా మోపెడ్‌ని రోడ్డు దింపి, ఆరబోసిన మిరపకాయల కళ్లం అంచున పోనిచ్చాడు.

"కాయల మీద ఎక్కిస్తన్నావేందయ్యో!" అని అరిచింది కళ్లంలో అంకమ్మ.

"చెల్లెమ్మ చచ్చిపోద్ది!" అని అరిచాడు బాషా. పది రోజుల కిందటే పోయిన మనిషి గురించి ఏం అంటున్నాడో ఆయనకే తెలీలేదు.

ఇంటి ముందు మోపెడ్ స్టాండు వెయ్యకుండానే వదిలేశాడు. అది పక్కకి ఒరిగిపోయింది. గుమ్మంలోంచే తెర కనిపించింది. నల్లటి తెర మీద తెల్లటి గడి. ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడుగుతోంది. కింద 'ఓకే'. దాని మీదే నిలబడి ఉంది బాణం గుర్తు.

ఎదురుగా కుర్చీలో మార్క్. ఒళ్లో పళ్లెం. పళ్లెంలో రెండు అట్లు, ఖీమా కూర. కుడిచెయ్యి మణికట్టు దాకా నూనె.

"రండి బాబాయ్ గారూ. ఒక్క నొక్కు నొక్కితే అయిపోద్ది. పిన్నిగారు తినందే ముట్టుకోనివ్వనన్నారు."

జానీబీ మూడో అట్టు పట్టుకుని వచ్చింది. "ఇంటికొచ్చిన పిల్లోడు తినకుండా పని మొదలుపెడితే నాకు నచ్చదు. నువ్వేంది అట్టా ఉన్నావు?"

బాషా వంగి, గోడకున్న ప్లగ్గు పట్టుకుని పీకేశాడు. తెర ఆరిపోయింది. అలాగే నేల మీద చతికిలబడి, ఆ వైరు గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు.

"నీ అట్లు చల్లగుండ!" అన్నాడు భార్యతో. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఆమె వంటకి ఆయన ఇచ్చిన మొదటి మెచ్చుకోలు అదేనని తర్వాత జానీబీ చాలామందికి చెప్పింది.

చప్పుడుకి ఫిజా తలుపు తీసింది. నేల మీద తండ్రి, కుర్చీలో మార్క్, పీకిన ప్లగ్గు. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ముట్టుకోవద్దన్నానా?" అంది.

"అన్నావు."

"సీలో ఏమున్నాయి?"

బాషా చెప్పాడు. అరుగు సంగతి, ఫొటో సంగతి, చెల్లెమ్మ అన్న మాట. చెప్పేసరికి ఫిజా మొహంలో కోపం కరిగిపోయింది. మీటింగు మధ్యలోనే వదిలేసి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, లోపలికెళ్లి ఒక చిన్న నల్ల పెన్‌డ్రైవ్ తెచ్చింది.

"మార్క్ అన్నా, మీ పెన్‌డ్రైవ్ తీసేయండి. ఫార్మాట్ అక్కర్లేదు."

"ఫార్మాట్ లేకుండా ఎట్టా లేచుద్దమ్మా? విండోస్ చచ్చిపోయిందిగా."

"విండోస్ పోయింది. ఫైళ్లు పోలేదు. లినక్స్ ఈ పెన్‌డ్రైవ్‌లోంచే లేస్తుంది. హార్డ్ డిస్కుని అసలు కదిలించదు. లోపలికి తొంగి చూసి, కావాల్సినవి ఎత్తుకొస్తుంది. అంతే."

"ఊరికేనా?"

"ఊరికే. దొంగ తాళాలు, క్రాక్‌లు కూడా అక్కర్లేదు."

మార్క్ అట్టు నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి చూస్తున్నాడు.

తెర మీద మొదట నల్లగా ఏవో వరసలు పరుగెత్తాయి. బాషా కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి బూడిదరంగు ఆకాశం లాంటి తెర, కింద ఒక పట్టీ, ఒక మూల గడియారం. పదకొండూ ఇరవై. ఫిజా మూడుచోట్ల నొక్కింది.

"ఇది నీ పాత సీ. చదవనిస్తుంది, రాయనివ్వదు. మనకదే మంచిది." ఒక ఫోల్డరు, అందులో ఇంకోటి, అందులో ఇంకోటి. "ఇదిగో నాన్నా, డెస్క్‌టాప్. ఇన్నేళ్లుగా సీ లోపలే ఉంది."

ఇక దొరకదనుకున్న 'బయట' ఫోల్డరు, తెలుగు అక్షరాలతో సహా అలాగే ఉంది. తెరిచింది.

వరస తర్వాత వరసగా మొహాలు తెరుచుకున్నాయి. మూడొందల పైచిలుకు. ఊళ్లో ఇరవై ఏళ్లుగా పోయినవాళ్లందరూ. తెల్లచొక్కాల్లో మగవాళ్లు, పట్టుచీరల్లో ఆడవాళ్లు, ఆ ఆడవాళ్ల నుదుటన ఒకేలాంటి నిండు బొట్టు. మధ్యలో తెల్ల ముసుగుతో ఒక ముసలామె.

"మా అమ్మ!" అంది జానీబీ, చేతిలో అట్లకాడతో.

కింది వరసల్లో ఒక గడిలో వెంకటరావమ్మ ఉంది. మొగుడి చొక్కాలో, చెదిరిన జుట్టుతో, తిట్టబోయి ఆగినట్టు నవ్వుతూ.

ఫిజా మొత్తం ఫోల్డరుని ఇంకో డిస్కులోకి ఎత్తింది. అది పూర్తయ్యేదాకా బాషా కుర్చీ అంచు వదల్లేదు. పన్నెండున్నరకి ఎత్తడం అయింది. గండం గడిచిందనుకుని లేచి మంచినీళ్లు తాగాడు.

"ఫొటోషాప్ తెరువమ్మా. బొట్టు పెట్టి, చీర మార్చి పంపిస్తా."

"ఫొటోషాప్ ఇందులో రాదు నాన్నా. గింప్ ఉంది. పనంతా చేస్తుంది."

"నా బ్రష్షు?"

ఫిజా ఒక్క క్షణం ఆగింది. "నీ బ్రష్షు పాత సాఫ్ట్‌వేర్ లోపల ఉండిపోయింది. దాన్ని తర్వాత వెతుకుతా. ఇప్పుడు టైము లేదు."

మౌసు పట్టుకుని బాషా గింప్ ముందు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా చూడకుండానే చెయ్యి వెళ్లే చోట ఏదీ లేదు. కత్తెర ఉండాల్సిన చోట బకెట్టు ఉంది. ఒక బొట్టు పెట్టాడు, గోళీ అంత పడింది. ఫిజా కంట్రోల్ జడ్ కొట్టి తీసేసింది. ఇంకోటి పెట్టాడు, అంచు గట్టిగా స్టిక్కర్ బొట్టులా వచ్చింది. తీసేసింది. ఇంకోటి కనుబొమ్మ మీద. పదిహేను బొట్లు పెట్టాడు, పదిహేనూ తీసేశారు. ఒంటిగంటా నలభై.

"నావల్ల కావట్లా" అన్నాడు బాషా. మౌసు పక్కకి నెట్టేశాడు. "పెడతావుగా అంది. నాకు నమ్మకంగా అప్పజెప్పింది."

అప్పుడే గుమ్మంలో దగ్గు వినిపించింది. పటం ఏమైందో కనుక్కుందామని వచ్చిన బాపయ్య, చెప్పులు విప్పుతూనే తెర వైపు చూశాడు. ఒక కాలికి చెప్పు అలాగే ఉండిపోయింది.

బాపయ్య దగ్గరికొచ్చి, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి చూశాడు.

"ఎప్పటిదిరా ఇది?"

"రెండేళ్ల కిందట, కోతలప్పుడు. చేలోంచి వచ్చి తీయించుకుంది. నీకు చెప్పొద్దంది బావా."

"ఆ చొక్కా నాది." బాపయ్య వేలితో తెర తాకాడు. "కనపడట్లా, ఎక్కడ పెట్టావే అని ఆ వారమంతా అరిచా దాని మీద. నాకేం తెలుసు నీ చొక్కా అంది. ఒంటి మీదే ఏసుకు తిరుగుతా అంది ఆ మాట!" నవ్వబోయాడు. సగంలో ఆగింది.

"పట్టుచీర వేస్తాలే బావా. కొంచెం టైము పడుద్ది."

"వద్దు." బాపయ్య గట్టిగా అన్నాడు. "చొక్కా ఉంచు."

"పటంలో చొక్కా ఏంది, నలుగురూ..."

"నలుగురూ దాన్ని చొక్కాలోనేగా చూసింది! పట్టుచీర కడితే ఎవరో అనుకుంటారు. ఉంచమన్నానా?"

"సరే. కానీ బొట్టు కుదరట్లా. నా బ్రష్షు పోయింది."

బాపయ్య బాషా భుజం మీద తట్టాడు.

"జరుగు. నేను పెడతా."

"నువ్వా? ఏనాడన్నా మౌసు పట్టుకున్నావా?"

"పెళ్లిలో దానికి బొట్టు పెట్టింది ఎవరు, నువ్వా నేనా? జరుగు."

బాషా లేచాడు. బాపయ్య చెయ్యి మౌసు మీద పడింది. పార పట్టే చెయ్యి, వేళ్ల సందుల్లో మిరప ఎరుపు. బాణం గుర్తు తెర అంచు దాటి మాయమైంది.

"ఎటు పోయిందే పిల్లా?"

"గట్టిగా నొక్కొద్దు మామయ్యా. తేలిగ్గా, అన్నం ముద్ద పట్టుకున్నట్టు." ఫిజా అంచు మెత్తగా ఉండే బ్రష్షు ఎంచి, కుంకుమ రంగు కలిపింది. "ఇప్పుడు సైజు చెప్పండి."

"ఇంకొంచెం. ఇంకొంచెం. ఆఁ, రూపాయి బిళ్లంత. చాలు."

బాణం పాకుతూ పాకుతూ వెంకటరావమ్మ నుదుటి మీదికి చేరింది. జానీబీ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపయ్య నొక్కాడు.

బొట్టు పడింది. నిండుగా, ఎర్రగా, మధ్య నుంచి ఒక పిసరు ఎడమకి జరిగి.

"కంట్రోల్ జడ్" అన్నాడు బాషా వెంటనే. "సెంటర్లో లేదు. ఇంకోసారి పెట్టు బావా."

"చెయ్యి తియ్యి." బాపయ్య ఫిజా చేతిని కీబోర్డు మీదనుంచి పక్కకి నెట్టాడు. "ఎన్నడన్నా దానికి సెంటర్లో ఉందంట్రా బొట్టు? ఇంకా వెలుగు రాకుండా లేచి, అద్దం చూసుకోకుండా పెట్టుకుని చేలోకి పరిగెత్తేది. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఎప్పుడూ ఎడమకే. నేనెన్నిసార్లు చెప్పానో, బొట్టు పక్కకుందే అని. నువ్వు చూసి సర్దు అనేది."

బాషా మళ్లీ తెర వైపు చూశాడు. అవును. అలాగే ఉండేది. పండక్కి సేమియా గిన్నె తీసుకోవడానికి వచ్చినప్పుడు, కాయల బేరం కోసం వీధిలో అరిచినప్పుడు, మొన్న మొన్నటిదాకా ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు. తన బ్రష్షుతో పెట్టుంటే, ఊళ్లో అందరిలాంటి బొట్టు పెట్టి పంపేవాడు.

"పెన్‌డ్రైవ్‌లోకి దించమ్మా ఫిజా" అన్నాడు.

రెండూ ఇరవై. వాట్సాప్‌లో పంపితే మసకబారుతుందని పెన్‌డ్రైవ్‌లోనే వేసింది ఫిజా. మోపెడ్ వెనక బాపయ్య ఎక్కాడు. పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకుని, దారి పొడవునా దాని మీద చెయ్యి తియ్యలేదు. ఇమ్మానియేలు ఒక షట్టరు అప్పటికే దించి ఉన్నాడు. వీళ్ల మొహాలు చూసి మళ్లీ ఎత్తి, అక్కడే ప్రింటు తీసి ఫ్రేములో బిగించాడు. మూడింటికి పది నిమిషాలుండగా పటం బాపయ్య చేతుల్లో ఉంది.

మర్నాడు పందిట్లో పటం ముందు ఆగిన వాళ్లంతా ముందు నవ్వారు. ఆ తర్వాతే కళ్లు తుడుచుకున్నారు. "అమ్మ దీన్ని తగలెయ్య, చొక్కా ఏసుకునే వచ్చింది!" అంది అంకమ్మ. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు బాషా తన పనికి ఏనాడూ వినలేదు.

ఆదివారం నాడు ఆయనే కంప్యూటర్ ముందు కుర్చీ వదిలి కూతురికి చూపించాడు. "వెయ్యి. నీ లినక్స్. పూర్తిగా వెయ్యి. నా బ్రష్షు మాత్రం తర్వాత తీరిగ్గా వెతుకుదువు, తొందరేం లేదు."

ఫిజా వేస్తుంటే మార్క్ కూడా వచ్చి కూర్చున్నాడు, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్‌తో. జానీబీ ఆయనకి ముందు పళ్లెం పెట్టింది.

అంతా అయ్యాక బాషా ఫైళ్లు సర్దడానికి కూర్చున్నాడు. ఎంత వెతికినా ఒకటి కనపడలేదు.

"సీ ఏదమ్మా? డీ ఏదీ?"

"ఇందులో సీ, డీ ఉండవు నాన్నా. అంతా ఒకటే ఇల్లు. హోమ్ అనే అంటారు."

"మరి అరుగు?"

"డెస్క్‌టాప్ కూడా ఇంటి లోపలే."

పెళ్లికూతుళ్లూ, పిల్లల బారసాలలూ, పోయినవాళ్లూ, అందరూ ఒకే కప్పు కింద. శుభలేఖల కోసం వచ్చే పెద్దలు వెనక నిలబడి చూస్తే ఏమంటారో? బాషా మౌసు పట్టుకున్నాడు. 'బయట' ఫోల్డరు మీద నొక్కి, ఆ పేరు చెరిపేసి, 'మనవాళ్లు' అని కొట్టాడు.

తర్వాత చివరి గడిలో, ఎడమకి జరిగిన బొట్టుతో ఉన్న ఫొటో మీదికెళ్లాడు. దాని పేరు 'ఫైనల్ 2 లాస్ట్ ఓకే' అని ఉంది. అది కూడా చెరిపేసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొత్త పేరు కొట్టడం మొదలుపెట్టాడు. వెంకటరావమ్మ చెల్లెమ్మ.